మా అత్తయ్య భుజం దాకా

కట్టెల అడితిలో మా అత్తయ్య కనబడగానే కూలీలు చేతిలో పని ఆపేసి నిలబడేవారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు అది మర్యాద అనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆవిడ వచ్చి దొంతి పక్కన నిలబడితే తప్ప మా కట్టె ఎంత ఎత్తు పేర్చాలో వాళ్ళకి తెలియదట. అడితిలో ఆవిడని కొలతమ్మ అనేవారు. మామయ్య ఇంట్లో ఇంకో మెట్టు ఎక్కి ‘మా గజంబద్ద’ అనేవారు.

మాది బ్రెడ్డు బట్టీ. ఇటుకల గుమ్మటం, దానికి ఇనప తలుపు, పక్కన పిండి గది, వెనక కట్టెల కొట్టు. వానలు పట్టాక అడితికి మంచి సరుకు రాదు. అందుకని వానాకాలం మొత్తానికి సరిపడా కట్టె ముందే కొని కొట్టులో వేసుకోవాలి. మధ్యలో అయిపోతే బట్టీ ఆరిపోతుంది. ఆరిన గుమ్మటం చెమ్మ పీలుస్తుంది. చెమ్మ పట్టిన గుమ్మటాన్ని మళ్ళీ రాజేస్తే పగులుతుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మామయ్య నాచేత ఈ పాఠం వల్లె వేయించారు.

చిక్కంతా ఎక్కడంటే, అడితిలో కట్టె అమ్మేది బరువు లెక్కన. మామయ్యకి బరువు మీద నమ్మకం లేదు.

“పచ్చి కట్టెలో సగం నీళ్ళేనమ్మాయ్. నీళ్ళు కొనుక్కోవడానికి కాటా దాకా ఎందుకు, పెరట్లో కుళాయి ఉందిగా” అనేవారు.

అందుకని ఆయన పద్ధతి ఆయనది. అడితిలో రెండు ఇనప స్తంభాలు పాతి ఉన్నాయి. వాటి మధ్య కట్టె పేర్పిస్తారు. దొంతి అత్తయ్య భుజం దాకా వస్తే ఆపిస్తారు. అది ఒక వానాకాలానికి సరిపడా కట్టె. దాన్ని లారీకి ఎత్తించి అప్పుడు కాటా వేయిస్తారు. అదే దొంతి కిందటేడు కంటే ఎక్కువ తూగితే కట్టె పచ్చిదని బేరానికి దిగుతారు. తక్కువ తూగితే ఎండు కట్టె దొరికిందని అడితి బాబాయి భుజం తట్టి వస్తారు. అడితి యజమాని మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు. నాకు బాబాయి వరస.

ఇది వినేటప్పుడు అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టే ఉంటుంది. సాయంత్రానికి మళ్ళీ అంతా అయోమయం. ఎత్తు అంతే ఉండి తూకం తగ్గితే, తగ్గింది నీళ్ళా, కట్టెనా? తూకం అంతే ఉండి ఎత్తు పెరిగితే లాభమా, నష్టమా? కిలో దూది బరువా కిలో ఇనుము బరువా అని చిన్నప్పుడు అడిగి ఏడిపించేవారే, ఆ ప్రశ్నకి పెద్దయ్యాక కూడా ఒక క్షణం తడుముకునే రకం నేను.

“దీనికి మనిషెందుకు మామయ్యా, ఒక కర్ర పెట్టుకోవచ్చు కదా” అని ఒకసారి అడిగాను.

“పెట్టాను. వెనకటికి ఇంకో అడితిలో కొనేవాణ్ణి. నేను టీ తాగి వచ్చేలోపు వాడు నా కర్రని బెత్తెడు కోసి పారేశాడు. ఆ ఏడంతా ఏం జరుగుతోందో అర్థంకాక పిచ్చెక్కింది.”

“టేపు కొనుక్కుందాం.”

“టేపు సాగుతుంది.”

“మరి మనిషో?”

“మనిషిని ఎవడు కోస్తాడమ్మాయ్” అన్నారు మామయ్య.

అత్తయ్యకి మాత్రం అడితికి వెళ్ళే రోజు అంటే ఎక్కడలేని హుషారు. మిగతా రోజుల్లో పిండి అంటిన చేతులతోనే పొద్దుగూకేది ఆవిడకి. ఆ రోజు మాత్రం రెండుసార్లు తల దువ్వుకునేది, పెట్టె అడుగు నుంచి మంచి బట్టలు తీసేది, నా ఎదురుగా నిలబడి ఎలా ఉన్నానని అడిగేది.

“కట్టెల పక్కన నిలబడడానికి ఇంత ముస్తాబా అత్తయ్యా” అన్నాను.

“ఏడాదికి ఒక్కసారి ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టి తేరిపార చూస్తారు. ముస్తాబు కాకపోతే ఎలాగే.”

నేను పడీపడీ నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. అది నవ్వులాట కాదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆవిడ నిజంగానే పొడగరి. నేను కొత్తగా వచ్చిన రోజు ఇద్దరినీ గుమ్మంలో పక్కపక్కన నిలబెడితే నా నడినెత్తి ఆవిడ చెవి తమ్మె దగ్గర ఆగిపోయింది. ఆవిడ మొహం చూడాలంటే తలెత్తాల్సి వచ్చింది. “పర్వాలేదు, పై అరలు అత్తవి, కింది అరలు కోడలివి” అని మామయ్య అక్కడికక్కడే ఆస్తి పంపకం చేసేశారు. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. ఉప్పు డబ్బా, ఈస్టు సీసా పై అరలో ఆవిడవి. బూడిద బకెట్టు, చువ్వలు, చీపురు కింద నావి.

పొగకి మామయ్య కళ్ళు నీరు కారడం మొదలయ్యాక బట్టీ మంట పని నా చేతికి వచ్చింది. కొడుక్కి ఇవ్వలేదా అంటారేమో, మా ఆయన సైకిల్ మీద బన్నులు పంచి వస్తారు. ఆయనకి నిప్పంటే దూరం నుంచే ప్రేమ. నాకేమో ఆ పని మొదటి రోజే నచ్చేసింది. ఏ మొద్దు ఎక్కడ తోస్తే గుమ్మటం వెనక గోడ ఎర్రబడుతుందో, తలుపు ఎంత సందు వదిలితే బ్రెడ్డు పైన గోధుమరంగు తిరుగుతుందో, అదంతా నా సొంత రాజ్యం. ఇంట్లో నా మాట చెల్లేది ఆ ఇనప తలుపు ముందే.

ఆ రాజ్యానికే ఎసరు వచ్చింది. ఏటికేడు వానల చివర్లో కట్టెకి కటకట మొదలైంది. ముందు కొట్టు అడుగు ఊడ్చి గడిపేశాం. తర్వాత పాత కుర్చీలు, విరిగిన బల్లచెక్కలు పోయాయి. ఒక ఏడాది వానలు వెలవకముందే కట్టె పూర్తిగా అయిపోయి బట్టీ ఆరిపోయింది. మళ్ళీ రాజేసినప్పుడు గుమ్మటంలో ఒక వెంట్రుకవాసి బీట పడింది. మామయ్య ఆ బీట పొడవునా వేలితో రాసి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“కట్టెకేం లోటు లేదు. అంతే దొంతి. పైగా ఏటికేడు తూకం తగ్గుతోంది, అంటే ఎండు కట్టె, మేలు రకం. మరి కాలిపోతోందంటే తప్పు చేతిది. తలుపు బార్లా తీసిపెడుతున్నావు.”

“తీయట్లేదు మామయ్యా. అయినా అది ఎండు కట్టె ఎలా అవుతుంది? పొయ్యిలో పెడితే ఎప్పట్లాగే చివర్ల నుంచి నురగ కక్కుతోంది.”

“తూకం అబద్ధం చెబుతుందా?”

“మీరే కదా తూకాన్ని నమ్మొద్దన్నది.”

“ఎత్తు సరిపోయాక నమ్మొచ్చు.”

“ఎండు కట్టె అయితే ఎక్కువ రోజులు రావాలి కదా.”

“ఎండుది కాబట్టే త్వరగా కాలిపోతోంది.”

“అలాంటప్పుడు ఎండుది దొరికిందని సంబరం ఎందుకు?”

మామయ్య తల గోక్కున్నారు. ఆయనకీ తికమకగానే ఉందని నాకు అర్థమైంది. కానీ తికమకపడ్డ మగాడు ఒప్పుకుంటాడా, గొంతు పెంచుతాడు. “ఆడలేక మద్దెల ఓడు అన్నదట. వచ్చే వానాకాలం కూడా కట్టె చాలకపోతే మంట పనికి మనిషిని పెట్టేస్తాను. నువ్వు పిండి గదిలోకి వెళ్ళిపో” అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ అత్తయ్య మీద కోపం వచ్చింది. పక్కనే తొట్టిలో పిండి కలుపుతోంది ఆవిడ. తలుపు నేను ఎంత జాగ్రత్తగా మూస్తానో రోజూ చూసే మనిషి. ఒక్క ముక్క చెప్పొచ్చు. దొంగకి తేలు కుట్టినట్టు తల వంచుకుని అదే ముద్దని తిప్పి తిప్పి పిసికింది, అంతే.

ఆ ఏడాదంతా నేను కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాను. తలుపు సందుకి గుడ్డ కుక్కాను. మొద్దులు సన్నగా చీల్చి చూశాను, లావుగా వదిలి చూశాను. కొట్టులోంచి ఎవరైనా ఎత్తుకుపోతున్నారేమోనని మా ఆయన్ని అనుమానించాను, పక్కింటివాళ్ళని అనుమానించాను, చివరికి మా పిల్లిని కూడా వదల్లేదు. మధ్యలో ఇంట్లో చిన్న చిన్న మార్పులు. ఉప్పు డబ్బా పై అర నుంచి నా అరలోకి దిగింది. కొన్నాళ్ళకి ఈస్టు సీసా కూడా దిగింది. ఆవిడ పని కూడా నా నెత్తికే చుడుతున్నారని సణుక్కున్నాను. పిండి తొట్టి దగ్గర అత్తయ్య కాళ్ళ కింద ఒక చెక్క వచ్చి చేరింది. నేల చల్లగా ఉండి వేసుకుందనుకున్నాను. నా చూపు మంట మీద ఉంది, మనిషి మీద లేదు.

ఈసారి అడితికి నేనూ వస్తానన్నాను. మామయ్య వద్దనలేదు. “రా, నీ కళ్ళతోనే చూసుకో. తర్వాత నన్ననకు” అన్నారు.

ఆకాశం అప్పటికే మబ్బు పట్టి ఉంది. అడితి బాబాయి కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్తయ్య వెళ్ళి ఎప్పటిలాగే స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఉతికిన బట్టలు, నున్నగా దువ్విన తల. మామయ్య ఇటు దూరంగా నిలబడి ఒక కన్ను మూసి, రెండో కంటితో దొంతి అంచు చూస్తున్నారు. నేను అత్తయ్య సంచీ పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. కూలీలు మొద్దు మీద మొద్దు పేరుస్తున్నారు. దొంతి మోకాలు దాటింది, నడుము దాటింది.

అప్పుడు చూశాను. అత్తయ్య మడమలు చెప్పుల్లో లేవు.

మునివేళ్ళ మీద నిలబడి ఉంది ఆవిడ. పిక్కలు వణుకుతున్నాయి. కాసేపటికి ఓపిక చాలక మడమలు దిగేవి. మామయ్య ఇటు తిరిగితే మళ్ళీ లేచేవి. దొంతి పైకి వచ్చేకొద్దీ అవి లేవడం తగ్గింది. ఆఖరి వరస పడే వేళకి రెండు మడమలూ చెప్పులకి ఆనిపోయాయి, వీపు కూడా కొంచెం వంగింది.

“ఆపండి. భుజం దాకా వచ్చింది” అన్నారు మామయ్య.

ఉప్పు డబ్బా నా అరలోకి ఎందుకు దిగిందో అప్పుడు తట్టింది. ఆ మడమలు చూసి జాలిపడ్డానని చెబితే అబద్ధం. ఒళ్ళు మండిపోయింది. ఏడాది పొడవునా నేను పడ్డ మాటలన్నీ ఈ మడమల కోసమా? నోరు తెరిచాను. అత్తయ్య తల తిప్పి నన్ను చూసింది. చూశానని ఆవిడకి తెలిసిపోయింది. చెప్పొద్దే అన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. నన్ను ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

“మామయ్యా, ఇంకో రెండు వరసలు వేయించండి” అన్నాను.

“ఎందుకు? కొలత కుదిరిందిగా. నీ చేతి దుబారాకి అడవిని కొనాలా? మంట చూడడం రాకపోతే రాదని ఒప్పుకో, పొయ్యేదేముంది.”

కూలీలు నవ్వారు. నేను తల దించుకున్నాను.

“దాన్ననకండి” అంది అత్తయ్య.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ చెప్పులు సర్దుకుని నేల మీద పూర్తిగా నిలబడింది. “దాని చేతిలో తప్పు లేదు. కట్టెలో తప్పు లేదు. నేనే పొట్టిదాన్నవుతున్నాను.”

మామయ్యకి ఎక్కలేదు. “పెద్దవాళ్ళు పొట్టివాళ్ళవడం ఏంటే? పిచ్చిమాటలు.”

“ఉప్పు డబ్బా అందట్లేదు నాకు. తొట్టి దగ్గర చెక్క వేసుకుంటున్నాను. అన్నీ మీ కళ్ళ ముందే జరిగాయి. నేను కొలతకి పనికిరానన్న మాట మీ నోట వినలేక ఊరుకున్నాను. దీన్ని అంటున్నా ఊరుకున్నాను.” చివరి మాట నా వైపు చూసి అంది.

“నేను ఏటేటా చూస్తూనే ఉన్నాను కదా” అన్నారు మామయ్య నీరసంగా.

“మీరు దొంతిని చూశారు.”

మామయ్య మెల్లగా ఆవిడ దగ్గరికి నడిచారు. దగ్గరగా నిలబడి, ఆవిడ భుజానికి తన గడ్డాన్ని ఆనించి చూసుకున్నారు. మొహం వెలిగింది. “చూడు, పెళ్ళినాడు ఎక్కడికి వచ్చిందో ఇప్పుడూ అక్కడికే వస్తోంది నీ భుజం. ఏం తగ్గలేదు.”

“ఒరేయ్” అన్నాడు అడితి బాబాయి కుర్చీలోంచి లేవకుండానే. “ఆవిడ ఒక్కతే దిగి నువ్వు ఆకాశంలోనే ఉండిపోయావా? నీ ప్యాంటు అంచులు చూసుకోరా.”

మామయ్య కిందకి చూసుకున్నారు. ఆ అంచులు మడిచి కుట్టింది నేనే. కొత్త ప్యాంట్లు పొడవు కుట్టేస్తున్నాడని దర్జీని తిట్టుకుంటూ మరీ కుట్టాను.

ఆయన వంగి ఆ మడతల్ని వేలితో తడిమారు. తర్వాత అత్తయ్య మొహంలోకి చూశారు. గొంతు బాగా తగ్గించి, “నిన్నెవరు కోశారే” అన్నారు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. కూలీలు ఎటో చూడసాగారు. దొంతిని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడ ఎంత దిగిందో మామయ్యకి తెలియదు. ఆయన ఎంత దిగారో ఆవిడకి తెలియదు. పాత భుజం ఎక్కడుండేదో చెప్పగలిగే వస్తువు ఆ అడితిలో ఒక్కటీ లేదు.

“నేనున్నానుగా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “నేనింకా దిగలేదు. నేను వచ్చిన రోజు నా నడినెత్తి అత్తయ్య చెవి తమ్మె దగ్గర ఆగింది. అంతవరకు ఆవిడని లేపండి.”

అడితి బాబాయి పెద్దగా నవ్వి పలకలుగా కోసిన చెక్కలు తెప్పించాడు. కూలీ పెట్టబోతే మామయ్య తీసుకుని తనే నేల మీద మోకాళ్ళు ఆన్చి కూర్చున్నారు. అత్తయ్య చెప్పులు విప్పించి, పాదాల కింద ఒక పలక పెట్టారు. నేను వెళ్ళి ఆవిడని ఆనుకుని నిలబడ్డాను.

“తగిలిందా?” అన్నారు కింద నుంచి.

“ఇంకా లేదు మామయ్యా.”

ఇంకో పలక. అది కదలకుండా పక్కన పుల్ల దోపారు. ఇంకోటి పెట్టాక, నా పాపిట మీద చల్లగా చెవి తమ్మె తగిలింది. తలెత్తి చూశాను. కొత్తగా వచ్చిన రోజు చూసినట్టే, గడ్డం కింద నుంచి ఆవిడ మొహం. ఆవిడ వంగి నా తల వైపు చూసింది.

“ఇక్కణ్ణుంచి చూస్తే నీ పాపిట్లో తెల్లవెంట్రుకలు కనబడుతున్నాయే” అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “పేర్చండి” అని కూలీలకి నేనే చెప్పాను.

వాళ్ళు పేరుస్తూ పోయారు. దొంతి అత్తయ్య కొత్త భుజం అందుకుంది, దాటింది, మెడ దాకా వచ్చింది. ఆపండి అనాల్సిన మామయ్య అనలేదు. ఆవిడ పలకల మీద నుంచి జారుతుందేమోనని రెండు చీలమండలూ పట్టుకుని, తలెత్తి ఆవిడనే చూస్తూ కూర్చున్నారు. చివరికి అడితి బాబాయే కేకేసి పని ఆపించాడు.

కాటా మీద తూకం ఎన్నడూ లేనంత వచ్చింది.

“పచ్చి కట్టె అని బేరమాడవేంరా?” అన్నాడు బాబాయి. “ఏటేటా అదే కట్టె ఇస్తుంటే మేలు రకమని నువ్వు పొగుడుతుంటే నాకే అర్థమయ్యేది కాదు.”

మామయ్య వెళ్ళి అత్తయ్య చెప్పులు తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. ఇంటికి వచ్చాక బట్టీ చువ్వ తీసి నా చేతికిచ్చి పిండి గదిలోకి వెళ్ళారు. తొట్టి దగ్గరి చెక్క ఊగుతోందని దానికి మేకులు కొట్టడం వినిపించింది.

ఆ వానాకాలం బట్టీ ఒక్క పూట కూడా ఆరలేదు. వానలు వెలిశాక కొట్టులో ఇంకా కట్టె మిగిలే ఉంది. మామయ్య కొలత తప్పి ఎక్కువ కొన్నది ఆ ఒక్క ఏడే. ఆ రోజు ఆయన దొంతిని చూడలేదు మరి.